రంగుకు రంగు కలిపినాను

ఈ మాట ఏండ్ల తరబడి నా గొంతులోనే ఉండాది. అన్నం దిగుతుంది, నీళ్లు దిగుతాయి. ఇది మాత్రం దిగదు, పైకీ రాదు. నువ్వెవరో నాకు తెల్దు. అందుకే నీకు రాసి చెప్తాండాను. తెలిసినోళ్లకు చెప్పే ధైర్యం ఉంటే ఎప్పుడో చెప్పుండేదాన్ని.

నా కోడలు సువర్ణ పెండ్లికి ముందే రిపేరు పని నేర్చింది. పిల్లోళ్లు చేతిలో పట్టుకొని ఆడే గేమ్ మిషన్లు ఉంటాయి కదా, వాటి వైర్లు చెడిపోతే టౌన్లోని కౌల్ బజార్ షాపాయన మా ఊరు కప్పగల్లుకొచ్చి ఇంటికే తెచ్చిచ్చేవాడు. వైరు కొన విరిగితే ఇంకో వైరు కొన కోసి అతికించల్ల. తీగలు వెంట్రుకల మాదిరి ఉంటాయి. సువర్ణ ఒక్కో తీగకు మీటరు ఆనించి, అది కొనలోని ఏ పిన్నుకు పోతుందో చూసి, మీటరు కుయ్యిమంటేనే కలిపేది. నాకు కడుపు మండేది. నాలుగు తీగలు కలిపేదానికి ఇంత పొద్దా? సోల్డరు పెట్టే ఆ కాలే కడ్డీకి ఎంత కరెంటు దండగ?

నాకూ ఆ పని తెలుసు. మా ఆయన బోరు మోటార్లు వైండింగ్ చేసేవాడు. ఆయన పక్కన కూర్చొని నేనూ సోల్డరు పట్టినదాన్నే. ఆయన పోయినాక ఈ ఇంటికొచ్చిన సువర్ణకు ఆ సంగతి తెల్దు. మోటారు పనిలో నేను నేర్చుకున్నది ఒకటే. ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు.

ఆ పొద్దు ఆమె ఒక వైరు అతికించింది. టేపు చుట్టకముందే నీళ్ల ట్యాంకరొచ్చిందని బిందెలు తీసుకొని ఉరికింది. ఆమె పని చేసే పలక మీద ఆ వైరును నేను చూసినాను. ఎరుపు తీగను తెలుపుకు కలిపి ఉండాది. నలుపును పోయి ఎరుపుకు!

నాకు సంతోషమయింది. ఇదే నీకు చెప్పల్లని ఇంత దూరం రాసుకుంటా వచ్చినాను. ఇంత మీటరు పెట్టి, ఇంత పొద్దు పోగొట్టి, చదువుకున్న పిల్ల తప్పు చేసిందే అని సంతోషం. కడ్డీ ఇంకా వేడిగానే ఉండాది. విప్పి, రంగుకు రంగు కలిపేసినాను. చేయి మరిచిపోలేదు, అతుకు నున్నగా వచ్చింది. సాయం చేద్దామని చేసినానా? అట్ల చెప్పుకొని చాలా దినాలు గడిపినాను. సాయమైతే ఆమె రాగానే ఎందుకు చెప్పలేదు? సండూరులో లారీ తోలే నా కొడుకు ఇంటికొచ్చినప్పుడు, వాని ముందర చెప్పి ఆమె తల దించల్లనుకున్నాను. అందుకే నోరు మూసుకున్నాను.

ఆమె తడిచేతులతో వచ్చింది. వాకిట్లో షాపాయన బండి హారన్ కొడతాండాడు. ముందే మీటరు పెట్టి చూసుకున్న పనే కదా అని, మళ్లీ చూడకుండా తన చేత్తోనే టేపు చుట్టి ఇచ్చింది. నేను చూస్తా కూర్చున్నాను.

మర్నాడు షాపాయన మళ్లీ వచ్చినాడు. ఎవరిదో గేమ్ మిషన్, వైరు పెట్టగానే లోపల కాలిపోయిందంట. టేపు విప్పి చూపించినాడు.

“ఏమ్మా, చిన్నపిల్లోళ్ల మాదిరి రంగు చూసి కలిపినావే? ఈ వైర్లలో ఒక్కో కంపెనీది ఒక్కో రంగు లెక్క, ఎరుపని చెప్పి అన్నీ ఎరుపు పనే చేస్తాయా? కళ్లు యాడ పెట్టినావు?”

“నేనిట్ల కలపనప్పా. పిన్ను చూడకుండా కలపనే కలపను.”

“మరి దయ్యమొచ్చి కలిపిందా? టేపు ఎవరు చుట్టినారు?”

“...నేనే.”

అప్పుడు నా దిక్కు తిరిగింది. “అత్తా, దీన్ని నువ్వేమన్నా ముట్టినావా?”

“నీ తీగలతో నాకేం పనమ్మా? బడికి రెండేండ్లు కూడా సరిగా పోనిదాన్ని. నాకేం తెలుస్తుంది ఇవన్నీ?”

షాపాయన నవ్వినాడు. “ముసలామెను ఎందుకు లాగుతావులేమ్మా.” ఆమె కూడా నమ్మింది. నన్ను మొద్దు అనుకుంటారని ఎన్నో తడవలు ఏడ్చినదాన్ని. ఆ దినం ఆ మొద్దుతనం వెనకాలే దాక్కున్నాను.

షాపాయన పని ఇవ్వడం మానేసినాడు. ఇప్పుడు సువర్ణ జీన్స్ కుట్టే యూనిట్‌కు పోతాండాది. నీలం రంగు గోళ్లలోంచి పోదు. అది ఒక ఎత్తు. ఇంకొకటి ఉండాది. ఎవరి మాటా అడగని మనిషి, ఇప్పుడు అన్నీ నన్నడుగుతుంది. అత్తా, తలుపుకు బీగం వేసినానా? అత్తా, చారులో ఉప్పేసినానా? తన కంటిని తాను నమ్మడం లేదు. వేసినావులేమ్మా అని నేను చెప్తాను. నా మాట నమ్మి నెమ్మది పడుతుంది. ఆ నమ్మకం చూడలేక నేను వాకిట్లోకి పోతాను. పని పోగొట్టినందుకంటే, ఆమెకు ఆమె మీదుండే నమ్మకం తీసినందుకే ఎక్కువ కుములుతాండాను.

మరి పోయి చెప్పొచ్చు కదా అంటావు. నిజమే. ఆమె కన్నడ బడిలో చదివింది. తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. అది తెలిసే నేను, ఆ రెండేండ్ల బడిలో నేర్చిన అక్షరాలు కూడబలుక్కొని తెలుగులో రాస్తాండాను. ఇంత పిరికిదాన్ని. ఇదీ దాచడం లేదు.

రాసినాక ఊపిరి కొంచెం బాగా ఆడతాండాది. ఆమెకు దీంతో వచ్చింది ఏమీ లేదు, ఈ పొద్దు కూడా యూనిట్‌కు పోయింది. అయినా ఒక్కసారైనా ఉన్నదున్నట్లు రాసిపెట్టనీ. సువర్ణ సరిగ్గానే కలిపింది. విప్పింది నేను.