వాల్బుర్గా రొట్టె బిళ్ళలు

సిన్సినాటిలో కాలువ అవతల మన జర్మను వాడకు పేరు తెచ్చిన ఆడవాళ్ళలో రొట్టెల వాల్బుర్గాది మొదటి పేరు. మొగుడు కాస్పర్ దండులో చేరాక కూడా పొయ్యి ఆరనివ్వలేదు. షాజీరా వేసిన ఆమె బన్నులు దొరకని సారా కొట్టు లేదు. వాడలో చిల్లర డబ్బులా చెల్లే సొంత బిళ్ళలు అచ్చువేయించిన మొదటి ఆడది కూడా ఆమే.

ఉత్తర దక్షిణ రాష్ట్రాల యుద్ధం ముదిరేసరికి రాగి సెంటు నాణేలన్నీ జనం పెట్టెల్లో దాక్కున్నాయి. చిల్లరకు బదులు తపాలా బిళ్ళలు ఇస్తే పిండి చేతులకు అంటుకుపోయేవి. అప్పుడామె రాగి బిళ్ళలు అచ్చువేయించింది. ఒకవైపు బన్ను బొమ్మ, రెండోవైపు 'దీనికి ఒక బన్ను' అన్న మాట. మంగలి తీసుకున్నాడు, చెప్పులవాడు తీసుకున్నాడు, చర్చి పళ్ళెంలోనూ పడ్డాయి.

పచారీ కొట్టు ఎగిడియస్‌కు మాత్రం ఆమె కొట్టు మీద ఎప్పటినుంచో కన్ను. గుట్టుగా ఆ బిళ్ళలు పోగేసి, ఒక శనివారం పొద్దున జనం కిటకిటలాడుతుండగా సంచీ తెచ్చి బల్ల మీద బోర్లించాడు.

"వాల్బుర్గమ్మా, నీ రేకులు నువ్వు తీసుకో, నాకు వెండి ఇప్పించు. లేకపోతే లేదని వీళ్ళ ముందే చెప్పెయ్."

ఆ మాట చెప్పిందంటే మర్నాటినుంచి ఆ బిళ్ళ ఎవరూ ముట్టరు, కొట్టు మూతే. అంత వెండి ఇంట్లో లేదని ఆమెకు తెలుసు. ఒక బిళ్ళ తీసి నడుముకు కట్టుకున్న గుడ్డకు తుడిచింది.

"వెండి అని ఎక్కడుందన్నా? బన్ను అనే ఉంది. ఇచ్చేస్తాను. అన్నీ ఇవాళే, వేడివేడిగా మోసుకుపోవాలి మరి."

జనం గొల్లున నవ్వారు. అయితే అంత పిండి కావాలి కదా. పక్కనే ఉన్న మిల్లు లోరెంజ్‌ను అడిగితే, ఎగిడియస్ పోసిన ఆ బిళ్ళలనే ఖరీదు కింద దోసిళ్ళతో ఎత్తుకుని పిండి మూటలు దింపించాడు. సారా బట్టీవాళ్ళు పిండి పొంగడానికి పులిసిన నురగ బకెట్టుతో పంపారు. వరుసలో నిలబడ్డ ఆడవాళ్ళు బుట్టలు పక్కన పెట్టి, గౌను చేతులు పైకి మడిచి పిసకడానికి కూర్చున్నారు. వాళ్ళ కూలీ ఆ బిళ్ళల్లోంచే ఇచ్చింది.

మధ్యాహ్నానికి ఎగిడియస్ బండి బన్నులతో పొంగిపోయింది. పాడైపోకముందే అమ్ముకోవాలని కొట్టు ముందు గొంతు చించుకున్నాడు. వాడంతా వచ్చి కొంది. ఇచ్చింది మాత్రం వాల్బుర్గా బిళ్ళలే, ఎవరి దగ్గరా వేరే చిల్లర లేదు మరి.

సాయంత్రానికి ఖాళీ బండి ముందు, నిండిన సంచీతో నిలబడ్డాడు. ఎదుటి గుమ్మంలోంచి ఆమె చల్లగా పలకరించింది.

"వచ్చే శనివారం కూడా వస్తావా అన్నా? పిండి కలిపి ఉంచమంటావా?"

ఎగిడియస్ ఆ సంచీని లోపల పెట్టి వచ్చాడు. ఆ తర్వాత తన కొట్టు తలుపు మీద సుద్దతో పెద్ద అక్షరాల్లో రాశాడు, ఇక్కడ వాల్బుర్గా బిళ్ళలు చెల్లుతాయని.