పసుపు గింజలు చల్లిన నాయకుడు

ఈ రోజు మధ్యాహ్నం మా ఆర్మూరు మార్కెట్ యార్డుకు ఓట్లడగడానికి ఒక నాయకుడు జీపులో వచ్చాడు. పసుపు బస్తాల మీదికెక్కి, మైకు పట్టుకుని గొంతు వణికించాడు.

"నేను గూడ పసుపు రైతు బిడ్డనే! చిన్నప్పుడు మనమందరం అమ్మ కొంగు వట్టుకొని చేన్ల పసుపు గింజలు చల్లినోళ్లమే గదా!"

యార్డంతా చప్పట్లు. నాకు ఒళ్లు మండింది. పసుపుకు గింజలెక్కడివి? నాటేది దుంపలు కదా! మోర్తాడ్ నుంచి పంట తెచ్చిన రాజవ్వ నా పక్కనే నిలబడి అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతోంది.

"గింజలంటుండు, ఇనలేదా రాజవ్వా?" అన్నాను.

"ఇన్న బిడ్డా. గని అమ్మ కొంగు అనంగనే కండ్లల్ల నీళ్లు దిరిగినయి. ఇగ గింజల సంగతి ఎవలకు గావాలె?"

అంతలో ఎవరో బస్తా దులిపారు. పసుపు దుమ్ము లేచింది. పసుపు రైతు బిడ్డ ఆగకుండా తుమ్ముతూ, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని జీపెక్కాడు.

"అయ్యో, మనోనికి దిష్టి దాకింది!" అంది రాజవ్వ.

జీపు ఇందల్వాయి వైపు వెళ్లింది. అక్కడివాళ్లెవరైనా ఉంటే, అమ్మ కొంగు పట్టుకుని ఆయన మీ ఊళ్లో ఏ పంట వేశాడో కాస్త చెప్పండి.