క్లచ్చు దుమ్ము

"పాపని లోపలికి తేవద్దమ్మా. ఆ గీత దాటకండి."

కారు కింద నుంచి వచ్చిన మాట అది. మనిషి కనబడలేదు, రెండు బూట్లు మాత్రం కనబడ్డాయి. షెడ్డు గుమ్మం దగ్గర నేల మీద తెల్లరంగుతో గీసిన గీత ఉంది. చంకలో పది నెలల పాపతో నేను ఇవతలే ఆగిపోయాను.

ఆయన్ని అందరూ క్లచ్చు బాబాయి అంటారు. అరవై దాటాయి. నలభై ఏళ్లుగా ఆ షెడ్డులో బావమరిదితో కలిసి పాత కార్లు బాగుచేస్తున్నాడు. మా నాన్న నాకు వదిలివెళ్లిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారును ఆయన దగ్గరే పెట్టాను. యాక్సిలరేటర్ నొక్కితే ఇంజను గోలపెడుతుంది గానీ బండి వేగం అందుకోదు. ఎత్తు ఎక్కితే మాడు వాసన. ఫ్యాక్టరీలో బిగించిన క్లచ్చే. నాన్న ఆదివారాలు తప్ప బండిని బయటికి తీసేవాడు కాదు కాబట్టి ముప్పై ఎనిమిదేళ్లు నెట్టుకొచ్చింది.

ఒరిజినల్ ప్లేటు కనకే భయమని బాబాయి బయటికి వచ్చి చెప్పాడు. ఆ రోజుల్లో ప్లేటు మీది పట్టీలో ఆస్బెస్టాస్ కలిపేవారు. అరిగినకొద్దీ అది పొడై, గేరుబాక్సు ముందుండే గంటలాంటి డొప్పలో పేరుకుంటుంది. నేను ఖనిజాల పరీక్షశాలలో పనిచేస్తాను. ఆ పీచు ఎంత సన్ననిదో మైక్రోస్కోపులో చూశాను. ఊపిరితిత్తుల్లో చేరాక ఇరవై, ముప్పై ఏళ్లు కిక్కురుమనకుండా ఉండగలదనీ చదివాను. కానీ బాబాయి, అరిగినవన్నీ నేను కళ్లారా చూస్తే గానీ కొత్తవి బిగించనన్నాడు. పాపను మా అత్తయ్యకు అప్పగించి, మాస్కు పెట్టుకుని ఒక్కదాన్నే తిరిగి వెళ్లాను.

అప్పటికి గేరుబాక్సు జాకీ మీదికి దిగింది. బాబాయి డొప్పలోకి సబ్బునీళ్లు చిమ్ముతూ, నల్లటి ముద్దను తడిగుడ్డతో తీసి సంచిలో వేస్తున్నాడు. మాటిమాటికీ బెంచీ మీది ఫోను వైపు చూస్తున్నాడు.

"బావా, క్లచ్చు మారుస్తున్నావా, బండికి లాల పోస్తున్నావా?" అన్నాడు బావమరిది.

బాబాయి నవ్వలేదు. ఇదివరకు పద్ధతి వేరని బావమరిదే నాకు చెప్పాడు. డొప్ప తెరవగానే గాలి పైపు పెట్టి కొట్టేవారట. నల్లటి మబ్బు షెడ్డంతా కమ్మేదట. లోపల చిటికెడు దుమ్ము మిగిల్చి బిగించడం వాళ్లకు నామోషీ. ఆ బట్టలతోనే ఇంటికి వెళ్లేవారు. బాబాయి భార్య వాటిని పెరటి గోడకేసి కొట్టి దులిపి, ఆ తర్వాతే నానబెట్టేది. దులపకపోతే నీళ్లు నల్లబడి పిల్లల బట్టలు పాడవుతాయని ఆమె బాధ. అలా ముప్పై ఏళ్లు దులిపింది. ఇప్పుడు రెండు నెలలుగా మెట్లెక్కితే ఆయాసం. ఆ రోజు స్కానింగు రిపోర్టు కోసం కూతురు ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లింది. "డాక్టరు నోరు విప్పేలోపే నీ మొహం చూసి హడలిపోతాను, నువ్వు పనికి పో" అని ఆమే ఈయన్ని తరిమేసిందట.

బాబాయి క్లచ్చు కవరు బోల్టులు ఆరూ విప్పి, ప్లేటును ప్లాస్టిక్ సంచిలో వేసి చూపించాడు. పట్టీ అరిగి రివెట్లు తేలాయి. అవి ఇంజను వైపు ప్లేటుకు ఆనుకుని తిరిగే ఫ్లైవీలు చక్రం మీద గాట్లు పెట్టాయి. దాన్ని లేతు పట్టించి నునుపు చేసి, ప్లేటు, కవరు, బేరింగు మూడూ కొత్తవి వేయాలన్నాడు. సరేనన్నాను.

అప్పుడు ఫోను మోగింది. ఆయన చేతులకు తడి తొడుగులు ఉన్నాయని బావమరిది ఫోనెత్తి ఆయన చెవికి ఆనించాడు. అవతల కూతురు. బాబాయి ఊఁ కొడుతూ విని, మాకు చెప్పాడు. ఊపిరితిత్తుల పైపొర మందమైందట. క్యాన్సరు కనబడలేదు కానీ ముందు ముందు రాదని చెప్పలేమన్నారట. ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. మందమైన పొరను మామూలుగా చేసే మందు లేదు.

"నా బట్టలే," అన్నాడు బాబాయి.

బావమరిది ఫోను బెంచీ మీద పెట్టాడు. "పెళ్లికాక ముందు ఏడేళ్లు మీ ఇంట్లోనే ఉన్నాను కదా బావా. నా బట్టలు కూడా అక్కే దులిపింది. నీ ఒక్కడివే అనుకోకు."

బాబాయి గుడ్డ మళ్లీ సబ్బునీళ్లలో ముంచి డొప్ప తుడవడం మొదలుపెట్టాడు.

నేను వెళ్లొస్తానంటే, ఏం పని చేస్తారని అడిగాడు. రాళ్లు పొడి చేసి పరీక్షిస్తామన్నాను. పనిలో వేసుకునే కోటు ఎక్కడ ఉతుకుతారని అడిగాడు. ఇంట్లోనే, మెషిన్లో, పాప బట్టలతో కలిపి. ఆ మాట చెబుతుంటేనే తెలిసింది, నా కోటు దుమ్మూ పాప బట్టలకే చేరుతోందని. ఇంత చదివీ అది నాకు తట్టలేదు.

ఆయన తిట్టలేదు. "కోటు ఆఫీసులోనే వదిలెయ్యండమ్మా. అక్కడే ఉతికించమనండి. ఇంటికెళ్లాక పాప చేతులు చాచినా ఎత్తుకోవద్దు. ముందు స్నానం, బట్టలు మార్చుకోవడం. ఈలోపు ఏడిస్తే ఏడవనివ్వండి."

కారు ఇంటికొచ్చి నాలుగు నెలలైంది. క్లచ్చు మెత్తగా పడుతోంది. సాయంత్రం నేను తలుపు తీయగానే పాప తప్పటడుగులతో వచ్చి చేతులు చాస్తుంది. నా చేతులు వెనక్కి కట్టుకుని, పక్కగా జరిగి స్నానాలగదిలోకి వెళ్లిపోతాను. తలుపు అవతల ఏడుస్తుంది. ఏడవనిస్తాను.