రాజేశం మామ రుచి చెప్పడం మానేశాడు

వానలో తడిసిన రోజు నా బండి తాళపుచెవి వాసన వేస్తుంది. ఇనుము వాసన కాదు. దానికి ఒక సీసా బిరడా గుచ్చి వేలాడదీశాను, బొటనవేలంత ఉంటుంది. ఎండాకాలమంతా చప్పుడు చేయకుండా పడి ఉంటుంది గానీ, తడి తగిలితే లేచి కూర్చుంటుంది. పులుపు, చెక్క, కొంచెం మట్టి. నిన్న కరీంనగర్ బస్టాండు ముందు ట్రాఫిక్‌లో ఇరుక్కుని, పక్కనున్న ఆటో అన్న నా బండి హారను మీద అభిప్రాయం చెబుతుండగా ఆ వాసన ముక్కుకు తగిలింది. నాకు సిగ్గేసింది. ఆటో అన్న తిట్లకు కాదు, వాటిలో నిజం ఉంది కాబట్టి అవి నన్ను బాధించవు. పెద్ద మాటలు వింటే దగ్గు వచ్చే రకం నేను. సిగ్గు అన్న మాటకు బదులు చిన్న మాట ఏదైనా దొరుకుతుందేమోనని ఏడాదిగా వెతుకుతున్నాను, దొరకలేదు.

బిరడా ఇటలీది. అది గుర్తుచేసే మనిషి మాత్రం ధర్మపురి పక్కన గోదావరి ఒడ్డున ఉన్న మా ఊరివాడు. పేరు రాజేశం గౌడ్, కల్లు గీస్తాడు. నాకు చుట్టం కాదు, అయినా పుట్టినప్పటి నుంచి మామ అనే పిలిచాను. పొట్టి మనిషి. మోకు కట్టుకుని తాటిచెట్టు ఎక్కుతుంటే మెట్లెక్కుతున్నట్టుండేది. కిందికి దిగి నడుస్తుంటే మాత్రం, నేల మీద ఇంకా అలవాటు పడని వాడిలా పాదాలు దూరందూరంగా వేసేవాడు. మా వైపు తాటిచెట్టును తాడు అంటారు. మామకు పదకొండు తాళ్లు, పదకొండింటికీ పేర్లు. కాలువ పక్కది గంగమ్మ. ఒకపట్టాన కల్లు ఇవ్వనిది పటేలమ్మ. ఎంత గీసినా పుల్లగా వచ్చేది అత్త. ఆ పేరు ఎవరిని చూసి పెట్టాడో ఊళ్లో అందరికీ తెలుసు, ఆయన అత్తకు తప్ప.

నాకు పంతొమ్మిదేళ్లప్పుడు పాలిటెక్నిక్‌లో రెండు సబ్జెక్టులు మిగిలిపోయాయి. సబ్జెక్టులు మిగిలినవాడు ఇంట్లో ఎదురుగా కనబడకూడదని మా బాపు పెట్టిన నియమం. అందుకని పుస్తకం పట్టుకుని తాళ్ల కింద మండువలో కూర్చునేవాడిని, అంటే నలుగురూ చేరి కల్లు తాగే చోట. మొదటిరోజు మామ తాటాకు రేక మడిచి ఇచ్చి, కల్లుకుండను, మా మాటలో లొట్టిని, వంచి పోశాడు. నేను గటగటా తాగేశాను.

“ఏంది రా గది? బోరుబాయిల పైపేసి గుంజినట్టు గుంజుతున్నవ్.”

“కల్లు తాగుతున్న మామా.”

“తాగుడు ఆఖరిది బిడ్డా. ముందుగాల ఇను.” లొట్టి ఎత్తి నా చెవికి ఆనించాడు. లోపల, ఎక్కడో దూరంగా చినుకులు పడుతున్న చప్పుడు. “ఒర్రుతున్నదా, గొణుగుతున్నదా?” ఒర్రడమంటే మా వైపు అరవడం.

“గొణుగుతున్నది.”

“గొణిగితే గిప్పుడు దించింది. ఒర్రితే నిన్నటిది. ఇగ వాసన చూడు. ఇగ నాలిక మీద ఆపు. మింగకు, ఆపు. ఏ తాడుదో అదే చెప్తది.”

“ఆధార్ నంబరు గూడ చెప్తదా మామా?”

మండువంతా నవ్వింది. మామ కూడా నవ్వాడు. “చెప్తది. ఇనే ఓపిక నీకుంటె.”

ఓపిక లేకపోయినా వేరే పని కూడా లేదు కాబట్టి విన్నాను. ఆ ఎండాకాలం ముగిసేసరికి పదకొండులో మూడు తాళ్లను కళ్లు మూసుకుని గుర్తుపట్టగలిగేవాడిని. మా బాపు దృష్టిలో ఇది చదువు కాదు. కానీ తర్వాత నాకు అన్నం పెట్టింది ఇదే. ఇప్పుడు నేను రైసుమిల్లుల్లో యంత్రాలు బాగుచేస్తాను. మీటర్లు చూడకముందే యంత్రానికి చెవి ఆనిస్తాను, గొణుగుతోందా ఒర్రుతోందా అని. ఏ బేరింగు పోబోతోందో తవుడు వాసనను బట్టి చెబుతాను. మిల్లు సేట్లు నోరెళ్లబెట్టి, ఈ విద్య ఎక్కడ నేర్చినవు అని అడుగుతారు. “అనుభవం” అంటాను. ఎవరి అనుభవమో వాళ్లు అడగరు, నేను చెప్పను.

ఇక నా ఘనకార్యం. అదే ఎండాకాలం చివర్లో ఒకరోజు పొద్దున అకాల వాన పడి వెలిసింది. మామ ఒక లొట్టి దించి, చెవికి ఆనించుకుని, వాసన చూసి, ఒక గుక్క నాలుక మీద ఆపి కళ్లు మూసుకున్నాడు. నేను ఫోన్‌లో రికార్డు పెట్టాను. అది ఆయనకు తెలుసు. ఎదురుగానే పట్టుకున్నాను, ఆయన నాకు చూపిస్తున్నట్టే, నా కోసమే అన్నట్టే చెప్పాడు.

“గిది గంగమ్మది. వాన వడ్డది గదా, కాళ్లకాడ నీళ్లు నిలవడ్డయి. గందుకే జర సప్పగున్నది. పాపం అలిసింది. రెండు దినాలు ఇడిసిపెడితె మళ్ల తీపి దిరుగుతది.”

ఇంటికి వెళ్లి ఆ నలభై సెకన్లకు కామెడీ మ్యూజిక్ కలిపాను. ఆయన కళ్లు మూసుకున్నచోట గుర్రు పెట్టిన చప్పుడు, “పాపం అలిసింది” అన్నచోట ఆంబులెన్సు సైరను. పైన పెద్ద అక్షరాలతో ‘కల్లు సైంటిస్ట్’ అని రాశాను. నా పేరు పెట్టుకోలేదు. వినయం కాదు, బాపు చూస్తే తంతాడని. మధ్యాహ్నానికి ఊళ్లో ఉన్న ఫోన్లన్నింటిలోకీ చేరింది. మూడు రోజుల్లో దుబాయ్ వెళ్లింది. అప్పట్లో మా ఊరి నుంచి అంత త్వరగా దుబాయ్ వెళ్లిన వాళ్లెవరూ లేరు.

మండువలో వాళ్లకు కొత్త ఆట దొరికింది. “సైంటిస్ట్ సాబ్, రిపోర్టు ఏమొచ్చింది?” “జర బీపీ గూడ చూడు డాక్టర్ సాబ్, గంగమ్మకు అలసటున్నదట!” మామ మొదట్లో వాళ్లతో పాటు నవ్వాడు. వారం తర్వాత నేను కూర్చుని ఉండగానే దుబాయ్‌లో పనిచేసే ఆయన కొడుకు ఫోన్ చేశాడు. మామకు ఫోన్ చెవి దగ్గర పెట్టుకోవడం రాదు, ఎప్పుడూ స్పీకర్‌లోనే.

“బాపూ, గా ముచ్చట్లెందుకు చెప్పినవే? క్యాంపుల అందరు నన్ను సైంటిస్ట్ కొడుకు, సైంటిస్ట్ కొడుకు అంటుండ్రు. ఇజ్జత్ పోతుంది. ఎవడు తీసిండు అది?”

నేను రేకలోకి తల వంచాను. మామ నావైపు చూడలేదు. “ఎవలో పిలగాండ్లు తీసిండ్రు బిడ్డా. నవ్వులకు. ఫికర్ జెయ్యకు.”

అంతే. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది, తిట్టుకు జోకుతో బదులివ్వడం నాకు వచ్చు. ఆ రోజు నుంచి మామ లొట్టిని చెవికి ఆనించుకోవడం మానేశాడు. రేక నిండా పోసేవాడు, ఊరుకునేవాడు. “ఏ తాడుది మామా?” అని అడిగితే “కల్లే బిడ్డా, తాగు” అనేవాడు. పదకొండు పేర్లూ ఎటో పోయాయి. నేను సబ్జెక్టులు పాసై, ఉద్యోగంలో చేరి, కరీంనగర్‌లో రూము తీసుకున్నాను. వీడియోను నా ఫోన్‌లోంచి తీసేశాను. అది సముద్రంలోంచి చెంబెడు నీళ్లు తోడిపోసినట్టని తెలిసే తీసేశాను.

ఏడేళ్లు గడిచాయి. పోయిన దసరాకు ముందు మా కంపెనీ నన్నూ, జగిత్యాలలో పనిచేసే శ్రీధరన్ననూ పది రోజుల శిక్షణకని ఇటలీ పంపింది. నల్లబియ్యాన్ని ఏరేసే యంత్రం అక్కడిది. ఆదివారం సెలవు కాబట్టి కొండల్లో ఉన్న ఒక చిన్న ద్రాక్షతోటకు తీసుకెళ్లారు, వైన్ ఎలా చేస్తారో చూసి రుచి చూడొచ్చని. యజమాని పియెత్రో డెబ్బై దాటిన మనిషి. ఆయనకు ఇంగ్లీషు రాదు, కూతురు ఎలేనా చెబుతుంటే మేం వినడం. తోటలో ఒక్కో మడికీ ఒక్కో పేరు. ఎండ మొహం చూడని వాలుకు ‘సోమరి’ అని పేరట. శ్రీధరన్న తలూపుతున్నాడు. నేను చిన్న పుస్తకం తీసి రాసుకుంటున్నాను. ఎంత శ్రద్ధగా రాసుకున్నానంటే, ఆ శ్రద్ధ పాలిటెక్నిక్‌లో ఉంటే ఇటలీ నాలుగేళ్లు ముందే చూసేవాడిని.

తర్వాత నేలమాళిగలోకి దిగాం. మొదటి మెట్టు మీదే ఆ పులిసే వాసన కొట్టింది. మనిషికన్నా ఎత్తైన చెక్క పీపాలు వరుసగా ఉన్నాయి. పియెత్రో ఒక పీపా దగ్గర ఆగి, మమ్మల్ని మాట్లాడొద్దని వేలితో సైగ చేసి, దానికి చెవి ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. నేను పుస్తకం మూసేశాను.

శ్రీధరన్న నా చెవిలో గుసగుసగా అన్నాడు. “అరే, అచ్చం గా వీడియోల ముసలాయన లెక్కనే చేస్తుండు గదరా! కల్లు సైంటిస్ట్! చూసినవా నువ్వు? ఆగు, నా ఫోన్ల ఉన్నది.”

“వద్దన్నా, ఇప్పుడెందుకు...”

ఆయన ఆపాటికే నవ్వుతూ ఎలేనాకు చూపిస్తున్నాడు. ఆ చల్లటి నేలమాళిగలో నా మ్యూజిక్ మోగింది. గుర్రు, సైరను, అన్నీ. పియెత్రో వచ్చి కళ్లజోడు పెట్టుకుని చూశాడు. నవ్వలేదు. మళ్లీ పెట్టమన్నాడు. రెండోసారీ నవ్వలేదు. కూతురితో ఏదో అన్నాడు, ఆమె మా వైపు తిరిగింది.

“ఈ చప్పుళ్లు ఎందుకు పెట్టారని అడుగుతున్నాడు నాన్న. వీడియోలో ఉన్నాయన ఏం చెబుతున్నాడో వినబడటం లేదట. మీకు ఆ భాష వచ్చు కదా, చెప్పరా?”

నేను చెప్పాను. కాలువ పక్క చెట్టు, కాళ్ల దగ్గర నిలిచిన నీళ్లు, చప్పబడిన రుచి, అలసిపోవడం, రెండు రోజులు వదిలేయడం. మొదటిసారి ఆ మాటలను సైరను లేకుండా నా నోటితో అన్నాను. పియెత్రో ఒక్కో మాటకూ తలూపాడు. ‘సోమరి’ కూడా వాన పడితే అంతేనన్నాడు.

“ఆయన మీకు తెలుసా?”

“మా ఊరి మనిషి” అన్నాను.

“ఇది ఎవరు తీశారు?”

నాకు జవాబు తెలుసు. ఇటలీలో బాపు తన్నడానికి కూడా లేడు. “ఎవరో కుర్రాళ్లు” అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ అది ఎవరి మాటో గుర్తు రాలేదు. అదే మాట మామ నన్ను కాపాడటానికి అన్నాడు. నేను కూడా నన్ను కాపాడుకోవడానికే అన్నాను.

వెళ్లేటప్పుడు పియెత్రో ఒక సీసా తెచ్చి నా చేతిలో పెట్టాడు. ‘సోమరి’దే. “ఆయనకివ్వండి” అంది ఎలేనా. “తాగి ఏమంటాడో రాసి పంపండి. మంచిగా ఉందంటే సరిపోదట. ఆ చెట్టు గురించి చెప్పినట్టు చెప్పాలట.”

ఇక్కడికి వచ్చేసరికి, నేను సీసాతో వెళ్లేటప్పటికి మామ చనిపోయి ఉంటాడని మీరు మొహం దిగులుగా పెట్టుకుని ఉంటారు. లేదు. మామ ఉన్నాడు, రాయిలా ఉన్నాడు. బతికున్న మనిషి మర్యాదను తట్టుకోవడమే కష్టం. దీపావళి తర్వాత ఊరికి వెళ్లాను. మండువలో మామ ఒక్కడే కూర్చుని కత్తి నూరుకుంటున్నాడు. నేను చొక్కా జేబులో ఉన్న ఫోన్ తీసి, బండి డిక్కీలో పెట్టి తాళం వేసి వచ్చాను. మామ అది చూశాడు.

“మామా, గా వీడియో తీసింది తప్పయింది. ఏడేండ్ల కింద్నే చెప్పాల్సిన మాట.”

“ఏ, గదేంది? నవ్వులకు తీస్తివి. అవ్వ బాగున్నదా?”

“బాగున్నది. మామా, నిజంగ తప్పయింది.”

“సరేతీ. గా సీస ఏంది?”

చెప్పాను. అక్కడ కూడా ఒక ముసలాయన పీపాకు చెవి ఆనిస్తాడని, మడులకు పేర్లు పెడతాడని. మామ కళ్లలో ఏదో కదిలింది. సీసా మూత నేనే తీశాను, బిరడా నా చేతిలోకి వచ్చింది. మామ సీసా అందుకున్నాడు. చెయ్యి దానంతటదే పైకి లేచింది. సీసా భుజం దాటింది, చెవి దాకా వెళ్లబోయింది. అప్పుడు నేను చూస్తున్నానని గమనించాడు. చెయ్యి ఆగిపోయింది. మెల్లగా దించి, మామూలుగా రేకలో పోసుకుని, ఒక గుక్క తాగాడు. చాలాసేపు మింగలేదు.

“మంచిగున్నది బిడ్డా” అన్నాడు.

“ఇంకేమన్న...?”

“మంచిగున్నది.”

ఎలేనా రెండుసార్లు అడిగింది. మామ మాటల్లా నాలుగు మాటలు అల్లి పంపడం నాకు చిటికెలో పని. ఆయన గొంతును మూడు రకాలుగా అనుకరించగలను. ఒకటి రాశాను కూడా, బాగా వచ్చింది, అందుకే భయం వేసింది. కొట్టేసి ఇలా రాశాను: ‘మంచిగా ఉందన్నాడు, అంతకుమించి చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం నేను. ఆ వీడియో తీసింది నేనే.’ పది రోజులకు జవాబు వచ్చింది. నాన్నకు చదివి వినిపించానని, ఆయన ఏమీ అనలేదని. ఇద్దరు ముసలివాళ్ల నోళ్లు మూయించిన ఘనత ఒక్కడికే దక్కడం అరుదు.

ఇప్పటికీ ఊరికి పోయినప్పుడల్లా మండువకు వెళ్తాను. ఫోన్ డిక్కీలో పెట్టి, బిరడా వేలాడే తాళపుచెవిని మామకు కనబడేలా మా ఇద్దరి మధ్య నేల మీద పెడతాను. మామ దానివైపు ఒకసారి చూసి, రేక మడిచి ఇచ్చి, నిండా పోస్తాడు. నేను అడగను. లొట్టి చప్పుడు వింటాను, వాసన చూస్తాను, నాలుక మీద ఆపుతాను. పోయినసారి గంగమ్మదే అనిపించింది, తీపి తిరిగినట్టు కూడా అనిపించింది. అవునో కాదో చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి ఎదురుగా కూర్చుని, నా రేక ఖాళీ అయిందా లేదా అని చూస్తున్నాడు.