ప్రేమమ్మ టీచర్ రాసిన దీర్ఘం

వినుకొండలో ఫ్లెక్సీలు వేసే షాపులో డిజైన్లు చేస్తాను. పుట్టినరోజులు, చావులు, నాయకుల పళ్లికిలింపులు, అన్నీ నా చేతి మీదుగానే రోడ్డెక్కుతాయి. ఇంటర్‌తో చదువు ఆపేసినవాణ్ణి. ఆ తర్వాత చదివిన పుస్తకాలన్నీ ప్రేమమ్మ టీచర్ ఇచ్చినవే.

ఆమె మా ఊరి ప్రైవేటు హైస్కూల్లో ఇరవై ఆరేళ్లుగా సోషల్ చెబుతోంది. మిరప కోతలకు వెళ్లే కూలీల బిడ్డ. ఆమెకు పదేళ్లప్పుడు వాళ్ల ఊళ్లో రెండు వర్గాలు కొట్టుకున్నాయి. గడ్డివాములో ఎవరో దాచిన నాటుబాంబు, గేదెకు గడ్డి లాగబోయిన ఆమె అన్న చేతిలో పేలింది. మూడు వేళ్లు పోయాయి. అతనిది ఏ వర్గమూ కాదు. తర్వాత రెండు వర్గాల పెద్దలూ రాజీపడి ఒకే పెళ్లిలో పక్కపక్కన కూర్చుని భోంచేశారు. ఆ విస్తళ్లు ఎత్తింది ఆమె అన్నే, మిగిలిన వేళ్లతో. ఈ సంగతి మాకు తొమ్మిదో తరగతిలో చెప్పింది, గొంతు పెంచకుండా.

వారానికి ఒక్క పీరియడ్ ఆమె సొంతం, శనివారం ఆఖరుది. స్కూలు నడిపే కరస్పాండెంట్ శివరామకృష్ణను మూడేళ్లు బతిమాలి సాధించుకుంది. అందులో మార్కులుండవు. పాఠంలో ఏ యుద్ధం వచ్చినా గెలిచిన రాజు పేరు వదిలేసి, ఆ సైన్యం ఎవరి చేలోంచి నడిచిందో, ఆ ఏడు ఆ రైతు ఏం తిన్నాడో ఊహించి రాయమనేది. ఒకసారి నేను లేచి, "అయితే ఎవడైనా మీదకొస్తే ఊరుకోవాలా టీచర్?" అన్నాను.

"ఊరుకోమని నేనెప్పుడన్నానురా? ఇంటి మీదకొచ్చినవాణ్ణి ఆపాల్సిందే. ఆపాక మిఠాయిలు పంచుకోవటమేంటి? చచ్చినోడికీ ఒక అమ్మ ఉంటదిగా."

మొన్న మే నెలలో సరిహద్దులో కాల్పులు మొదలైనప్పుడు మా ఊరు నిజంగానే మిఠాయిలు పంచింది. టీవీలో మంట కనిపిస్తే టీకొట్టు దగ్గర ఈలలు. పక్క వీధిలో గొడవైతే తలుపులేసుకునే మనుషులే పొరుగు దేశాన్ని బూడిద చెయ్యాలని అరిచారు. నాకు ఊరి మీదే రోత పుట్టింది. పుట్టినా, షాపులో కూర్చుని వాళ్లడిగిన క్షిపణుల బొమ్మలన్నీ వేసిచ్చాను.

ఆగస్టు పదిహేనుకు స్కూలు స్టేజీ మీద కట్టడానికని టీచర్ నాకు వాట్సాప్‌లో రెండు మాటలు పంపింది: "శత్రువుకూ సమాధానం." బొమ్మ నీ ఇష్టం అంది. టీచర్ కూడా ఊళ్లోవాళ్లతో కలిసిపోయిందే అని ఒక్క క్షణం బాధపడ్డాను. "కూ" మీది దీర్ఘం టైపింగ్ తప్పనుకుని తీసేశాను. వెనక ఒక యుద్ధ ట్యాంకు, పైన రెండు క్షిపణులు పెట్టాను. పండగ ముందురోజంతా షాపులో ఊపిరాడని పని. ఆమెకు చూపించకుండానే ప్రింటుకి పంపేశాను.

పొద్దున జెండా ఎగరేసే వేళకు నేనే వెళ్లి స్టేజీ వెనక ఫ్లెక్సీ కట్టాను. టీచర్ దాన్ని చూసి మెట్ల దగ్గరే ఆగిపోయింది. శివరామకృష్ణ మైకు పట్టుకున్నాడు.

"చూశారా మా ప్రేమమ్మ టీచర్ని! ఇన్నేళ్లూ శాంతి శాంతి అంటుంటే నేనే విసుక్కున్నా. ఇప్పుడేం రాసిందండీ! శత్రువుకు దిమ్మతిరిగే సమాధానం! ఆ శనివారం పీరియడ్ ఇక నుంచి అన్ని క్లాసులకీ పెట్టేస్తున్నాం. రామ్మా, శాలువా కప్పుతా."

చప్పట్లు. ఆ శాలువా కప్పించుకుని దిగిపోతే చాలు. పీరియడ్ ప్రతి క్లాసుకీ వస్తుంది. కాదంటే ఉన్నది కూడా పోతుంది. అది ఆమెకు తెలుసు.

ఆమె మైకు అడిగి తీసుకుంది.

"నేను రాసింది ఇలా కాదండి. మా చర్చిలో సమాధానం అంటే జవాబు కాదు, శాంతి. మీకు సమాధానం కలుగునుగాక అంటాం. శత్రువుకు కూడా శాంతి కలగాలని రాశాను. వాళ్ల ఊళ్లల్లోనూ గేదెలకు గడ్డి లాగే పిల్లలుంటారండి."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక వెనక వరసలోంచి ఎవడో అరిచాడు. "అది మీ చర్చిలో చెప్పుకో! ఇక్కడ జెండా పండగ!"

"ఒరేయ్, టీచర్‌కి పాకిస్తాన్ టికెట్ తీయండ్రా!" అని ఇంకొకడు. నవ్వులు. మా అమ్మ వయసు ఆడవాళ్లు కూడా నవ్వారు. శివరామకృష్ణ మైకు లాక్కుని, చేతిలో ఉన్న శాలువాను పక్కనున్న డ్రిల్లు మాస్టారికి కప్పేశాడు. కొన్న శాలువా వృథా పోకూడదు కదా.

దీర్ఘం తీసింది నేనని, ట్యాంకు పెట్టింది నేనని అప్పుడే చెప్పొచ్చు. ఫ్లెక్సీ తాడు ముడి సరిచేస్తున్నట్టు తల వంచుకున్నాను. ఊరి మీద నాకున్న రోత అంతా ఆ ముడి దగ్గర నా మీదకే తిరిగింది.

సోమవారం నోటీసు పెట్టారు. శనివారం ఆఖరు పీరియడ్ ఇకమీదట డ్రిల్లు.

ఆ శనివారం నేను స్కూలుకి వెళ్లాను. స్టాఫ్‌రూములో ఆమె ఒక్కతే కూర్చుని నోట్సులు దిద్దుతోంది. జరిగింది చెప్పాను. పెన్నుకి మూతపెట్టి నావైపు చూసింది.

"దీర్ఘం ఎందుకు తీశావురా చైతన్యా?"

"తప్పు పడిందనుకున్నానండి."

"ఇన్ని పుస్తకాలు చదివావు. శత్రువుక్కూడా అన్న మాట కనపడగానే అది తప్పే అయ్యుంటదని నీకెందుకనిపించింది?"

కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది, క్లాసులో లాగే, ఆలోచించుకోవడానికి టైమిచ్చి. నేను గోడ మీది టైంటేబుల్ చూస్తూ నిలబడ్డాను. ఆమె మళ్లీ నోట్సుల కట్ట ముందుకు లాక్కుంది.