మల్లన్న కొట్టిన గడువు ముద్ర

అరవయ్యో దశకం చివర్లో నేను యూనివర్సిటీ గుమాస్తాను. తార్నాక నుంచి రోజూ నడిచి నడిచి కాళ్లు జానెడు అరిగాయి.

లైబ్రరీలో పనిచేసే మల్లన్నకు క్యాన్సర్. రెండు నెలలే అన్నారు. తన జబ్బు కథను నోటుబుక్కులో రాసి, లైబ్రరీ పుస్తకానికిలాగే చీటీ అతికించి, పద్నాలుగు రోజుల గడువు ముద్ర కొట్టి నాకిచ్చాడు.

భయపడి తెరవలేదు. వాపసిస్తూ, "చదివి బిందెడు ఏడ్చాను మల్లన్నా" అన్నాను.

"ఏడ్చుడేంది భై? అండ్ల నేను నవ్వినయే రాసిన. నువ్వు చదవనే లే!"

ఏదో గీకి, మళ్లీ ముద్ర కొట్టిచ్చాడు.

సిగ్గుపడి చదివాను. ప్రతి పేజీ చివరా మర్నాటికి ఒక పని: 'సైకిల్‌కు నూనె వెయ్యాలె', 'మల్లెచెట్టుకు నీళ్లు పొయ్యాలె'. ఆఖరున: 'గుమాస్తా ఈసారన్న చదివిండా, అడగాలె.'

గడువుకు వెళితే అతను ఇక లేడు.

ఇప్పటికీ ఎంత అలసినా, రేపటికో పని రాసుకునే పడుకుంటున్నాను. చదివాను మల్లన్నా.