షెడ్డు కప్పు మీద మూడు పచ్చగీతలు

ఆఫీసులో ఆమెని అందరూ గీతలమ్మ అంటారు. ఇళ్ల మీదా షెడ్ల మీదా సోలార్ పలకలు ఎక్కడెక్కడ రావాలో కంప్యూటర్లో గీసి ఇవ్వడం ఆమె పని. అంతకుముందు రెడీమేడ్ బట్టల కంపెనీలో ఉండేది. గుడ్డ వృథా కాకుండా చొక్కా ముక్కలన్నీ ఇమడ్చడం అక్కడే అబ్బింది. అది మూతపడ్డాక ఇటు వచ్చింది. గుడ్డ పోయి కప్పు వచ్చింది, పని మాత్రం అదే అనుకుంది. అదే కాదని తెలియడానికి ఐదేళ్లు పట్టింది.

ఉపగ్రహం తీసిన ఫోటో మీద కప్పు కొలతలు ఇచ్చి ఒక మీట నొక్కితే చాలు, సాఫ్ట్‌వేర్ తనంతట తనే పలకలు పేర్చేస్తుంది. బస్సులో సీటు చూసిన మనిషిలాగా సందు దొరికితే దూరిపోతుంది. గీతలమ్మ వాటిలో కొన్ని తీసేసి, మనిషి నడవడానికి దారి వదిలి, ఆ దారిని పచ్చగీతతో చూపిస్తుంది. మేనేజరుకి ఆ గీతలంటే ఒళ్లుమంట.

"ఎనిమిది పలకలు పోయాయమ్మా! గాలికి దారి వదిలావా?" అంటాడు.

"గాలికి కాదండీ, మా మరిదికి" అంటుంది ఆమె.

పలకలు బిగించే ముఠాకి మేస్త్రీ నిజంగానే ఆమె మరిది. అత్తగారి లెక్కలో కోడలిది కూర్చుని బొమ్మలేసుకునే ఉద్యోగం. ఆ బొమ్మకి విలువ ఇచ్చేది మరిది ఒక్కడే. కప్పెక్కాక కాగితం ఒకసారి చూసుకుని ధీమాగా నడిచేసేవాడు. "మా వదిన గీసిందంటే అది రోడ్డే" అని ముఠావాళ్లకి చెప్పేవాడు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా ఆమెకి కడుపు నిండిపోయేది.

ఆ రోజు పొద్దున పదిన్నరకి ఆమె ఒక అట్టపెట్టెల ఫ్యాక్టరీ పని చూస్తోంది. కప్పు మీది బొమ్మ రెండు రోజుల కిందటే ఇచ్చేసింది. మరిది ముఠా ఆ పొద్దుటే కప్పెక్కింది. ఇక మిగిలింది కరెంటు పెట్టె ఏ గోడకి బిగించాలో చెప్పడం. అందుకని షెడ్డు లోపలి ఫోటో అప్పుడే పంపించారు.

ఫోటోలో దీపాలు ఆర్పి ఉన్నాయి. అయినా సిమెంటు నేల మీద మూడు వెలుగుచారలు పడి ఉన్నాయి, పలచగా, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా. ఇనపరేకు కప్పులోంచి వెలుగు ఎలా వస్తుందబ్బా అనుకుంది. ఫోటో పెద్దది చేసి పైకి చూసింది. మూడు వరసల రేకులు మిగతావాటికన్నా పసుపుగా ఉన్నాయి.

గబగబా ఉపగ్రహం ఫోటో తెరిచింది. అందులోనూ కప్పు మీద మూడు లేత గీతలున్నాయి. రెండు రోజుల కిందట అవి చూసి మురిసిపోయింది. ఎవరో నడిచి నడిచి అరిగిన దారి, మనమూ అక్కడే వదిలేస్తే సరి అనుకుని, వాటి మీదే పచ్చగీతలు గీసేసింది.

అవి దారులు కావు. వెలుగు కోసం వేసిన ప్లాస్టిక్ రేకులు. వేడి తగ్గడానికి ఎవరో వాటికి ఇనుము రంగు పూశారు. కప్పెక్కి చూసినా పోల్చుకోలేరు. ఏళ్ల తరబడి ఎండకి పెళుసెక్కిన రేకు మనిషి బరువు ఆపదు. కింద ముప్పై అడుగుల లోతున సిమెంటు నేల. ముఠావాళ్ల నడుముకి తాడు ఉంటుంది, కానీ దారి మీద నడిచేటప్పుడు కాళ్లకి అడ్డమని విప్పేస్తారు.

మరిదికి ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. కప్పెక్కేముందు ఫోన్లన్నీ కింద సంచిలో పెట్టాలని ముఠాకి నియమం. మేనేజరు దగ్గరికి పరిగెత్తింది. ఆయన విని, "ఆపిద్దాం. కానీ గీత తప్పని మాత్రం అనకు, ఏదో తనిఖీ అని..." అంటూ ఉండగానే వెనక్కి తిరిగింది. ముందు వచ్చిన ఫోటోల్లో ఫ్యాక్టరీ గేటు మీద ఒక నంబరు ఉంది. దానికి చేసింది. గుమాస్తా ఎత్తాడు. వెనక యంత్రాల రణగొణధ్వని.

"అండీ, మీ కప్పు మీద సోలార్ వాళ్లున్నారు! పడిపోతారండీ!"

"పడ్డారా?"

"ఇంకా పడలేదు! యంత్రాలు ఆపించండి, పైనున్నవాళ్లకి మాట వినబడాలి."

"ఆపాలంటే సూపర్‌వైజర్ని అడగాలమ్మా."

"నేనే తప్పు గీశానండీ. పైన ఉన్నది మా మరిది. నా మీద కేసు పెట్టుకోండి, ఏమైనా చేసుకోండి. ముందు అవి ఆపండి!"

గుమాస్తా ఫోన్ పట్టుకునే పరిగెత్తాడు. ఒక్కో యంత్రం ఆగడం ఆమెకి ఫోన్లో వినబడింది. దిగి రమ్మనండి అనబోయి నాలుక కరుచుకుంది. దిగాలంటే ఆ గీత మీదే కదా నడిచి రావాలి!

"ఎక్కడివాళ్లని అక్కడే ఆగమనండి. ఒక్క అడుగు కూడా వెయ్యొద్దనండి."

అతను అరిచాడు. తర్వాత ఫోన్ పట్టుకుని నిచ్చెనెక్కాడు. ముఠాలో మిగతా ఇద్దరూ నిచ్చెన పక్కనే కప్పు అంచున ఉన్నారు. మరిది ఒక్కడే కప్పు మీద నాలుగడుగులు ముందుకి వెళ్లాడు. గుమాస్తా ఫోన్ స్పీకర్ మీద పెట్టి అతని వైపు చాపాడు.

"ఏంటి వదినా, ఫ్యాక్టరీనే ఆపించేశావట!" నవ్వుతున్నాడు.

"ఎక్కడున్నావు?"

"నీ రోడ్డు మీదే. మధ్యదాని మీద."

"కదలకు. అది రోడ్డు కాదు, ప్లాస్టిక్ రేకు. నేను తప్పు గీశాను."

"పొద్దుట్నుంచి కాలి కింద టప్పు టప్పుమంటోంది. ఎండకి అనుకున్నా" అన్నాడు. ఈసారి గొంతులో నవ్వు లేదు.

"ఎడమవైపు మీరు పలకల కోసం బిగించిన పట్టీ ఉందా?"

"ఉంది. వంగితే అందుతుంది."

"వంగకు, బరువంతా ఒక్క కాలి మీద పడుతుంది. మెల్లగా కూర్చో. తర్వాత బోర్లా పడుకో. పట్టీ పట్టుకుని పాక్కుంటూ అటు వెళ్లు. అక్కడ ఇనపరేకు."

"ఖాయమేనా వదినా?"

ఐదేళ్లలో ఎన్నడూ అడగని మాట. ఆమె తన బొమ్మ చూడలేదు. లోపలి ఫోటోలో చారకీ చారకీ మధ్యనున్న చీకటి వంక చూసింది. "ఖాయం" అంది.

బట్ట రేకు మీద రాసుకుంటున్న చప్పుడు. ఆగింది. మళ్లీ మొదలైంది. ఫెళ్లుమంది. గుమాస్తా "అయ్యయ్యో" అన్నాడు. ఎక్కడో కింద ఏదో నేలని తాకి పగిలింది.

"వదినా" అని వినబడింది చాలాసేపటికి. "వచ్చేశా. రేకే పోయింది."

ఆమె బల్ల మీద తలపెట్టి, అందరూ చూస్తుండగా, వెక్కివెక్కి ఏడ్చింది.

మధ్యాహ్నం మేనేజరు బొమ్మని ఆఫీసునుంచే మార్చి పంపమన్నాడు. వినలేదు. ఫ్యాక్టరీకి వెళ్లి నిచ్చెనెక్కింది. మరిది ఆమె నడుముకి తాడు కట్టాడు, తనూ కట్టుకున్నాడు. మోచేతికి కట్టు ఉంది.

"ఒక్క మాటైనా తిట్టవయ్యా."

"ఏమని తిట్టను వదినా? నేనూ చూసుకోలేదుగా."

తిట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. అతను ముందు, ఆమె వెనక. ప్రతి రేకునీ పానాతో తట్టి, చెవి పెట్టి విని, అప్పుడు అడుగు వేస్తున్నాడు. ఆమె కాగితం మీద రాసుకుంటోంది. పొద్దున తనే పట్టీలు బిగించిన ఇనపరేకు దగ్గర కూడా ఆగి తట్టాడు. అది ఇనపదేగా అనబోయింది. ఇకమీదట తను ఏం గీసి ఇచ్చినా ఇలాగే తట్టి చూసుకుంటాడు.

"ఇంకోసారి తట్టు" అంది.